హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి

మధ్యాహ్నం నాకు డ్రైవింగు పరీక్ష. పొద్దున లేచి చూస్తే మా కారు వెనక చక్రం ఒకటి ఊడి గోడకి ఆనుకుని ఉంది. రెండోది ఊడటానికి సిద్ధంగా ఉంది. మా ఆయన షెడ్డు ముందు గచ్చు మీద చిరిగిన దుప్పటి పరుచుకుని, దాని మీద బోర్లా పడుకుని, చక్రం ఉండాల్సిన ఖాళీలోకి టార్చి వేసి చూస్తున్నారు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"విప్పినవాడికి తెలుస్తుంది."

"విప్పింది మీరేగా."

"ఇంకా తెలియలేదు."

గుమ్మంలో కుర్చీ వేసుకుని దిండు గలీబులు మడత పెడుతున్న అత్తయ్య తలెత్తకుండానే, "వాడు చిన్నప్పుడు గడియారం విప్పినా ఇదే మాట," అన్నారు.

మాది దుప్పట్లు ఉతికే వ్యాపారం. లాడ్జీల నుంచీ నర్సింగ్ హోముల నుంచీ మాసిన దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్ళు మూటలుగా తెస్తాం. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి తిరిగి ఇచ్చి వస్తాం. ఇంటి ముందు సగం షెడ్డు, వెనక సగం మేం. పెద్ద మిషను తిరుగుతున్నప్పుడు గోడలు కూడా దాంతో పాటు సణుగుతాయి. కారు కదలకపోతే మూట కదలదు. ఆ కారు నడిపేది మా ఆయన ఒక్కరే.

నడపకూడదని డాక్టరమ్మ చెప్పి చాలా రోజులైంది.

ఒక రోజు ఆయన ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, పెట్టె దుప్పటి మీద ఆనించి, అలాగే ఉండిపోయారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. పెదవులు మాత్రం ఏదో చప్పరిస్తున్నట్టు కదులుతున్నాయి. దుప్పటి పసుపుగా తిరిగి, గోధుమరంగై, పొగ లేచింది. నేను పరిగెత్తి ప్లగ్గు పీకాను. కాసేపటికి ఆయన పెట్టె ఎత్తి చూసి, "ఎవరు కాల్చారిది?" అని నన్నే అడిగారు.

"ఇదీ మూర్ఛలో ఒక రకమే," అంది డాక్టరమ్మ. "కిందపడి కొట్టుకోనక్కర్లేదు. మనిషి అక్కడే ఉంటాడు. ఆ కాసేపు ఆయన మాత్రం ఉండడు. మాత్రలు వేసుకోండి. మళ్ళీ రాకుండా ఆర్నెల్లు గడిచేదాకా స్టీరింగు ముట్టుకోకండి."

బయటికి రాగానే ఆయన, "ముందు రోజు నిద్ర లేదు నాకు. ఆవిడకేం తెలుసు," అని కారెక్కి నన్ను ఇంటికి తీసుకొచ్చారు.

ఆ మర్నాటి నుంచీ నేనూ ఆయన పక్కన ఎక్కడం మొదలుపెట్టాను. మూటలు మోయడానికి సాయం అని చెప్పాను. ఒళ్ళో సంచి పెట్టుకుని, సంచి జారకుండా పట్టుకుంటున్నట్టు, ఒక చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద వేసి కూర్చునేదాన్ని. ఆయన కళ్ళు రోడ్డు మీద, నా కళ్ళు ఆయన కళ్ళ మీద. రెప్ప పడితే నాకు ఊపిరాడేది. రెప్ప పడటం కాస్త ఆలస్యమైతే మీట మీద నా వేళ్ళు బిగుసుకునేవి. ఏమైనా అయితే లాగేస్తాను, బండి ఆగిపోతుంది. అదొక్కటే నా ధైర్యం.

ఇలా ఎన్నాళ్ళని? నేనే నేర్చుకుంటానన్నాను. ఆయన నవ్వారు, తరవాత అలిగారు, ఆ తరవాత నేర్పించారు. క్లచ్ వదలడం రాక నేను బండిని కుప్పిగంతులు వేయించిన రోజుల్లో, "మూటలు వెనక కాదు, ముందు సీట్లో ఉన్నాయి," అనేవారు. మొదటిసారి పరీక్షకి వెళ్ళినప్పుడు అన్నీ బాగానే చేశాను. ఏటవాలు దగ్గర తప్పాను. ఎక్కుతూ మధ్యలో ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, మళ్ళీ కదిలించాలి. నేను బ్రేకు మీద కాలు తీయగానే బండి జారుకుంటూ కిందికి పోయింది.

"హ్యాండ్ బ్రేకు పట్టలేదు," అన్నాను ఇంటికొచ్చి.

"ఆడలేనమ్మ మద్దెల ఓడందట," అన్నారు అత్తయ్య.

ఆయనేమీ అనలేదు. నేను కూడా నా కాలిదే తప్పనుకున్నాను.

నిన్న సాయంత్రం మా వీధి చివరి వాలులో సాధన చేస్తూ మీట చివరికంటా లాగి కాలు తీశాను. బండి మెల్లగా వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి చెత్త డబ్బాకి ఆనుకుని ఆగింది. ఎదురింటి దర్జీ సూది నోట్లో పెట్టుకుని మరీ చూశాడు. వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే వారం దాకా కుదరదన్నారు. ఈ పరీక్ష పోతే మళ్ళీ తేదీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అన్నాళ్ళూ ఆయనే నడుపుతారు. అత్తయ్య ఎదుట ఒప్పందం చేసుకున్నాం. నేను పాసైతే తాళం నాది. లేకపోతే మళ్ళీ తాళం మాట ఎత్తకూడదు.

"బండి సిద్ధం చేసి ఇవ్వడం నా పని," అన్నారు రాత్రి భోజనం దగ్గర. "పాసవ్వడం నీ కర్మ."

కుర్రతనంలో ఆయన తన మేనమామ కారు మెకానిక్ షెడ్డులో పనిచేశారు. బ్రేకులు అక్కడే నేర్చుకున్నారు. కాబట్టి పని రాదని నా భయం కాదు. నేను పాస్ కాకూడదని ఉన్న మనిషి చేతిలోనే నా బ్రేకు ఉందని భయం. అందుకే పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా షెడ్డులోకీ గచ్చు మీదికీ తిరుగుతున్నాను. మిషనులో దుప్పట్లు వేసి వస్తాను, ఆయన చేతులు చూస్తాను. తువ్వాళ్ళు తీసి బుట్టలో వేస్తాను, మళ్ళీ వచ్చి ఆయన చేతులు చూస్తాను.

"అలా తిరిగితే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నారాయన.

ఆ మాట అనగానే నేను ఆగి ఆయన మొహంలోకి చూశాను.

"ఊరికే అన్నాను. మాట వరసకి," అన్నారు.

చక్రం తీస్తే లోపల పళ్ళెంలాంటి ఇనప డిస్కు ఉంది. దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి పట్టుకునేదే కాలిపర్. తీగ మీద బట్టకి పెట్టే క్లిప్పులాంటిదే. క్లిప్పు ఎంత గట్టిగా నొక్కితే బట్ట అంత కదలకుండా ఉంటుంది. ఆయన దాన్ని విప్పి, కింద వేలాడితే బ్రేక్ ఆయిల్ వచ్చే గొట్టం చిరుగుతుందని ఒక తీగతో పైకి కట్టారు. డిస్కుకి చెరో వైపు ఆనే ప్యాడ్లు రెండూ తీసి నా అరచేతిలో పెట్టారు. ఒకటి బిస్కెట్టంత మందంగా ఉంది. ఇంకోటి అట్టముక్కలా అరిగిపోయింది.

"రెండూ ఒకేసారి వేసినవేగా?" అన్నాను.

"కాలిపర్ అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నులుంటాయి. అవి పట్టేశాయి. అందుకని ఒకటే కష్టపడింది, రెండోది కూర్చుని తింది."

"ఇలాంటి ఇళ్ళు నాకు తెలుసు," అన్నారు అత్తయ్య.

పిన్నులు తీసి, గీరి, తుడిచి, గ్రీజు రాసి పెట్టారు. వేలితో తోస్తే సొరుగులా జరిగాయి. కొత్త ప్యాడ్లు పట్టాలంటే వాటిని తోసే పిస్టన్ లోపలికి పోవాలి. ఆయన పటకారు దాని గాడిలో ఆనించి, ఒళ్ళంతా వంచి, నొక్కుతూ తిప్పడం మొదలుపెట్టారు.

"ముందు చక్రాలవి నొక్కితే పోతాయి. వెనకవి అలా కాదు, లోపల హ్యాండ్ బ్రేకు మర ఉంటుంది. బలంగా నొక్కావో, విరుగుతుంది. తిప్పుతూ నొక్కాలి."

"ఈ ఇంట్లో మగాళ్ళ సంగతే," అన్నారు అత్తయ్య.

లాడ్జీ మేనేజరు ఫోన్ చేశాడు. "ఏమ్మా, గదులు ఖాళీ అవుతున్నాయి, మంచాలు బోడిగా ఉన్నాయి. ఎప్పుడొస్తున్నారు?"

"బండి బాగు చేయిస్తున్నామండి. సాయంత్రానికల్లా తెస్తాం."

"ఎవరు తెస్తారు?" అన్నారాయన నేను ఫోన్ పెట్టగానే, పని మీంచి కళ్ళు తిప్పకుండా.

నేను ఊడిన బోల్టులు ఏరి డబ్బా మూతలో వేశాను.

రెండో చక్రం ఊడింది. ఆయన దాని పక్కన చేరి, "లోపల కూర్చుని మీట లాగు," అన్నారు.

లాగాను.

"లాగమన్నాను."

"లాగానండీ."

"వదిలి మళ్ళీ లాగు."

వదిలి మళ్ళీ లాగాను. మీట చేతికి తేలిగ్గానే వచ్చింది. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం కూడా వెలిగింది. బయట మాత్రం చప్పుడు లేదు. నేను దిగి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. కాలిపర్ వెనక వేలంత ఇనప చెయ్యి ఒకటి ఉంది. హ్యాండ్ బ్రేకు తీగ వచ్చి దానికే తగులుకుంటుంది. తీగ లాగితే ఆ చెయ్యి తిరగాలి, అది తిరిగితే ప్యాడ్లు బిగియాలి. ఆ చెయ్యి కాలిపర్‌తో కలిసి ఒకే తుప్పు ముద్దయిపోయి ఉంది. తీగ దాని పక్కన సాగిపోయి, చుట్టాలింట్లో పిలవని మనిషిలా వేలాడుతోంది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?"

"వాడని హ్యాండ్ బ్రేకు తుప్పు పడుతుంది. అంతే."

"మీరు వాడరా?"

"గేర్లో పెట్టి ఆపుతాను."

అప్పుడు నాకు డిక్కీలో చెక్క మొద్దు గుర్తొచ్చింది. పాత తలుపు చట్రంలోంచి కోసింది. ఎక్కడ వాలు ఉన్నా ఆయన దిగి దాన్ని చక్రం కింద పెడతారు. మూట దించుతూ నేనే చాలాసార్లు కాలితో తోసి సరిచేశాను. అదొక అలవాటనుకున్నాను గానీ ఎందుకని ఏనాడూ అడగలేదు.

"అత్తయ్యా," అన్నాను లేచి, "మద్దెల ఓడే."

ఆవిడ గలీబు మడత పెట్టడం ఆపారు. కొడుకు వైపు చూశారు.

"చెక్క మొద్దు ఉందంటే హ్యాండ్ బ్రేకు పట్టదని మీకు తెలుసన్నమాట," అన్నాను.

"బండి పాతది. జాగ్రత్త కోసం పెట్టుకున్నా."

"పరీక్షలో జారిపోయి ఏడుస్తూ వచ్చాను కదా. అప్పుడూ తెలుసు."

ఆయన పానా తుడవడం మొదలుపెట్టారు. తుడిచిందే తుడుస్తున్నారు.

"సరే, అదీ పోనివ్వండి. రోజూ మీ పక్కన నేను చెయ్యి ఎక్కడ పెట్టుకుని కూర్చుంటున్నానో తెలుసా మీకు?"

"తెలుసు," అన్నారు పానా కింద పెట్టి. "నీకు ధైర్యంగా ఉంటుంది కదా అని ఊరుకున్నా."

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు బడి పిల్లలు రోడ్డు దాటే మలుపు, వంతెన దిగే చోటు, లారీలు పక్కనుంచి రాసుకుపోయే సందు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. ప్రతిచోటా నా వేళ్ళు ఆ మీట మీద బిగుసుకుని ఉన్నాయి. మీటకి అవతల ఏమీ లేదు. ఇన్నాళ్ళూ నేను పట్టుకుని కూర్చున్నది తుప్పుని.

లోపలికి వెళ్ళి మిషనులోంచి తడి దుప్పట్లు లాగాను. ఒకటి తీగ మీద వేసి, రెండోది దాని మీదే వేశాను. తీసి మళ్ళీ వేశాను. అత్తయ్య వచ్చి నా చేతిలోంచి దుప్పటి కొస అందుకుని అవతలి పక్క పట్టుకున్నారు. ఇద్దరం విదిలించి ఆరేశాం.

"వాళ్ళ మేనమామకి ఒక పద్ధతి ఉండేది," అన్నారావిడ. "ఎవడు బ్రేకు బాగు చేస్తే వాడు బండిని ఏటవాలు మీద ఆపించి, దాని వెనక నిలబడాలి. నిలబడితేనే తాళం యజమానికి ఇచ్చేవాడు. మా తమ్ముడని చెప్పడం కాదు గానీ, వాడి షెడ్డులోంచి వెళ్ళిన బండి జారిందని ఎవరూ అనలేదు."

"మీ అబ్బాయి ఎన్నిసార్లు నిలబడ్డారు?"

"నిలబడ్డాడు కాబట్టే ఇంకా కాళ్ళున్నాయి," అని నా మొహం చూసి, నవ్వు ఆపుకుని, "వెళ్ళు. పని చేసేటప్పుడు వాణ్ణి ఒంటరిగా వదలకు," అన్నారు.

నేను తిరిగొచ్చేసరికి ఆయన గొట్టం విప్పేసి, కాలిపర్ మొత్తాన్ని షెడ్డు మూల బల్ల మీదికి తెచ్చారు. పిస్టన్ బయటికి తీశారు. తుప్పు పట్టిన ఇనప చెయ్యిని నూనెలో నానబెట్టి, కొంచెం అటూ కొంచెం ఇటూ, పాలపన్ను కదిపినట్టు కదుపుతున్నారు. విసుక్కోవడం లేదు. అది ఊడి వచ్చినప్పుడు దాని కాడని గరుకు కాగితంతో రుద్ది, వెలుగుకి పట్టి, మళ్ళీ రుద్దారు. కొత్త రబ్బరు వలయాలు వేలితో తడిపి కూర్చారు. ఆ చేతులు అబద్ధం ఆడటం లేదని చూస్తే తెలుస్తోంది. నా భయం ఒక వైపు తగ్గింది. గోడ మీద గడియారం మాత్రం తగ్గట్లేదు.

కాలిపర్ దాని చోటికి చేరింది, సాగిన తీగ బిగిసి ఇనప చేతికి తగులుకుంది. ఆయన వేలితో తోస్తే ఇనప చెయ్యి తిరిగి, స్ప్రింగుతో టక్కున వెనక్కి వచ్చింది.

"చూశావా," అన్నారు. మొహం వెలిగిపోయింది.

"చూశాను. ఇంకేం మిగిలింది?"

"గాలి తీయాలి. గొట్టం విప్పాను కాబట్టి లోపలికి గాలి చేరి ఉంటుంది. గాలి ఉంటే పెడలు దూదిలా ఉంటుంది. నువ్వు లోపల కూర్చో. తొక్కమంటే తొక్కి అలాగే పట్టుకోవాలి. నేను ఇక్కడ నట్టు వదులు చేస్తాను, నూనెతో పాటు గాలి ఈ గొట్టంలోంచి సీసాలోకి వచ్చేస్తుంది. నట్టు బిగించాక వదలమంటాను. నేను చెప్పకుండా వదిలావో, బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. చేసిందంతా బూడిదలో పోసినట్టే."

కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంచాను.

"తొక్కు."

"తొక్కాను."

కాసేపు. పెడలు కాలి కింద మెత్తగా కిందికి దిగింది.

"వదులు."

"వదిలాను."

"తొక్కు."

"తొక్కాను."

"మొగుడూ పెళ్ళాలు ఇలా మాటకి మాట సరిగ్గా చెప్పుకోవడం ఈ ఇంట్లో ఇదే చూడటం," అన్నారు అత్తయ్య. లోపల మిషను ఆగిన చప్పుడైతే లేచి వెళ్ళారు.

"వదులు."

"వదిలాను."

పెడలు కొద్దికొద్దిగా గట్టిపడుతోంది. ఇంకొన్ని తొక్కులైతే చక్రాలు బిగించి బయల్దేరవచ్చు. నేను మనసులో దారి చూసుకుంటున్నాను. ఏ వీధిలోంచి వెళ్తే రద్దీ తక్కువ, ఎక్కడ మలుపు తిరగాలి.

"తొక్కు."

"తొక్కాను."

పెడలు నేల దాకా దిగింది. పట్టుకున్నాను.

ఏ మాటా రాలేదు.

"తొక్కానండీ."

ఎదురింట్లో దర్జీ మిషను ఆగి ఆగి నడుస్తోంది. పక్క అద్దంలోంచి చూశాను. ఆయన చెప్పు ఒకటి కనిపిస్తోంది. అది కదలడం లేదు.

"ఏమండీ."

కాలు వదిలితే గాలి లోపలికి పోతుంది. గాలి చేరితే మళ్ళీ మొదటి నుంచి. పరీక్ష అందదు, తాళం రాదు. ఆయన నట్టు ఇరుక్కుని దాంతో కుస్తీ పడుతుండవచ్చు. అలాంటప్పుడు మాట్లాడరు. నేను ఊరికే కంగారుపడి వదిలేస్తే, నీ వల్లే పోయిందని జన్మంతా అంటారు. తొడ వణుకుతోంది. రెండో కాలు కూడా తెచ్చి పెడలు మీద పెట్టాను. అద్దంలో చెప్పు అలాగే ఉంది.

వదిలేసి పరిగెత్తాను.

ఆయన గచ్చు మీద కూర్చునే ఉన్నారు. పానా చేతిలో ఉంది. కళ్ళు చక్రం లేని ఖాళీ వైపు తెరిచి ఉన్నాయి. పెదవులు చప్పరిస్తున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. నట్టు వదులుగానే ఉంది. గొట్టం సీసాలోంచి జారి కింద పడింది. దాని కొసలోంచి బ్రేక్ ఆయిల్ కారి, గచ్చు మీద మడుగై, ఆయన పరుచుకున్న దుప్పటిలోకి పాకుతోంది. నేను జాకీ వైపు చూశాను. స్టాండు మీద బండి కదలకుండా ఉంది. ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి, తల బండికి తగలకుండా నా వైపు ఆనించుకుని కూర్చున్నాను. పిలవలేదు. పిలిచినా వినేవాళ్ళు లేరు.

తరవాత రెప్ప పడింది. ఇంకోసారి పడింది.

"వదిలావా?" అన్నారు ఆయన చిరాగ్గా. "నేను వదలమన్నానా?"

నేను ఆయన భుజం మీంచి చెయ్యి తీశాను.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నేను చెప్పేదాకా..." అంటూ సీసా అందుకోబోయి, కింద చూశారు.

గొట్టం చూశారు. మడుగు చూశారు. మడుగు అంచున వేలు పెట్టి, అది దుప్పటిలోకి ఎంత దూరం పోయిందో చూశారు. మేనమామ షెడ్డులో చేసిన పనితో ఒక తొక్కుకి ఎంత నూనె వస్తుందో ఆయనకి తెలుసు. ఇది ఒక తొక్కుకి వచ్చే నూనె కాదు.

"చాలాసేపైందా?" అన్నారు.

"అయింది."

"పిలిచావా?"

"పిలిచాను."

ఆయన గుడ్డతో ముందు చేతులు తుడుచుకున్నారు. తరవాత మడుగు తుడవబోయి మానేశారు. జేబులోంచి కారు తాళం తీశారు. నా చేతికి ఇవ్వలేదు. మా ఇద్దరి మధ్యా గచ్చు మీద, పొడిగా ఉన్న చోట పెట్టారు.

"ఇంకా పాస్ కాలేదు నేను," అన్నాను.

"దాంతో సంబంధం లేదు."

అత్తయ్య లోపలి నుంచి, "ఏమిటి చప్పుడు ఆగింది?" అని కేకేశారు.

"నూనె పోస్తున్నాం," అన్నారాయన.

నిజంగానే లేచి ముందుకెళ్ళి, బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బాలో నూనె నింపారు. నడక తిన్నగానే ఉంది. తిరిగొచ్చి నా పక్కన వంగి, నట్టు ఎక్కడ పట్టుకోవాలో చూపించారు.

"మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. ఈసారి నువ్వు ఇక్కడ కూర్చో. నేను తొక్కుతాను. నేను పలికినా పలకకపోయినా కాలు అక్కడే ఉంటుంది. అనుమానం వస్తే నువ్వు నట్టు బిగించెయ్. ఏమీ పోదు."

ఆ మాట పనిలో జాగ్రత్త చెప్పినట్టే చెప్పారు. నేనూ అలాగే విన్నాను.

"తొక్కండి," అన్నాను.

"తొక్కాను."

పానా కొంచెం తిప్పాను. గొట్టంలో బుడగలు, వాటి వెనక నూనె. బిగించాను.

"వదలండి."

"వదిలాను."

ప్రతిసారీ ఆయన గొంతు వచ్చేదాకా నా గుండె నట్టు మీదే ఉంది. ప్రతిసారీ వచ్చింది. బుడగలు సన్నబడి, ఒక్కొక్కటిగా వచ్చి, రావడం మానేశాయి. ఇంకోసారి చేద్దామన్నాను. చేశాం. ఇంకోసారి అన్నాను.

"దుప్పట్లు జాడించినట్టు జాడిస్తున్నావు. చాలు," అన్నారు.

ప్యాడ్లు సర్దుకునేదాకా పెడలు తొక్కి, చక్రాలు బిగించి, జాకీ దించేసరికి వాలు మీద ఆపి చూసుకునే టైము కూడా లేదు. అత్తయ్య నా మెడ మీద గ్రీజు మరక చూపించారు. తుడిస్తే ఇంకా పాకింది. అలాగే ఎక్కాను. బయల్దేరబోతుంటే ఆయన డిక్కీ తీసి, చెక్క మొద్దు తీసి, గోడ పక్కన పడేసి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

దారిలో ఒక వంతెన దిగుతుండగా ఆయన చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదకి వచ్చింది. తీయమనబోయి ఊరుకున్నాను. ఉంటే ఉండనీ, ఇప్పుడది పట్టుకుంటుంది.

పరీక్ష మైదానంలో నా పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, నా మెడ మీది గ్రీజు చూశాడు. మలుపులు తిప్పించాడు, వెనక్కి నడిపించాడు. తరవాత ఏటవాలు వైపు చెయ్యి చూపించాడు. ఎక్కాను. సగంలో ఆపమన్నాడు. ఆపాను.

అద్దంలో చూస్తే వాలు చివర, మైదానం చుట్టూ ఉన్న కమ్మీకి ఇవతల ఒక మనిషి. మిగతా వాళ్ళంతా చెట్టు నీడలో కూర్చుని ఉన్నారు. ఆయన ఒక్కరే ఎండలో, సరిగ్గా మా బండి వెనక, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టరు కూడా తల తిప్పి చూశాడు. "ఎవరాయన?"

"బ్రేకు చేసినాయనండీ."

"అక్కడెందుకు నిలబడ్డాడు?"

"వాళ్ళ మేనమామ నేర్పిన పద్ధతండీ."

"తప్పుకోమనండి."

"చెప్పినా తప్పుకోరండీ."

అతను గడియారం చూసుకుని, "కానివ్వండి," అన్నాడు.

మీట లాగాను. ఇన్నాళ్ళూ చేతికి ఊరికే వచ్చేసే మీట ఈసారి సగంలోనే బరువెక్కింది. అటువైపు ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది. అద్దంలో ఆయన మొహం వేలి గోరంత ఉంది. అంత దూరం నుంచి రెప్పలు కనబడవు. ఇప్పుడు గనక మళ్ళీ వస్తే ఆయన అక్కడే నిలబడిపోతారు. పక్కకి తప్పుకోవాలని కూడా తెలియదు. బ్రేకు మీది కాలు నా మాట వినట్లేదు.

"కాలు తియ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తీశాను.

బండి నిలబడింది.

కాసేపు అలాగే ఉంచాడు. ఆ కాసేపూ నేను అద్దంలోంచి కళ్ళు తిప్పలేదు. తరవాత పోనివ్వమన్నాడు. క్లచ్ మెల్లగా వదిలి, మీట దించి, పైకెక్కించాను. అద్దంలో ఆయన చిన్నగా అయిపోతూ, చేతులు విప్పి తల గోక్కుంటూ, చెట్టు నీడ వైపు నడిచారు.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం చేసి ఇచ్చాక, బండి తిప్పుకుని ఆయన దగ్గరికి వచ్చి ఆపి, దిగాను.

"కొంచెం జారింది," అన్నారు.

"జారలేదు."

"వేలెడు."

"జారలేదండీ. పాసయ్యాను."

"సరే, జారలేదు." బండి చుట్టూ తిరిగి, వంగి వెనక చక్రం పక్కన ముట్టుకుని వేడి చూసుకుని, ఇంకా నడిచి పక్క సీటు వైపు వెళ్ళారు. "లాడ్జీ వాడికి ఫోన్ చెయ్యి. వస్తున్నామని చెప్పు."

దిగినప్పుడు అలవాటు లేక తలుపులన్నీ లాక్ చేసేశాను. తాళం సంచి అడుగున ఎక్కడో ఉంది. వెతుక్కుని తీసేదాకా, తలుపు పిడి మీద చెయ్యి వేసుకుని, ఆయన అక్కడే నిలబడ్డారు.